సారంగదరియా ఎవరి పాట? పాట వెనక కథ, పాట మీద గొడవ

తోటపల్లి గూడూరు నుంచి మాట్లాడుతున్నా. వీడియో చూసే టైం లేనోళ్ల కోసం, రోజు డేటా మధ్యాహ్నానికే అయిపోయినోళ్ల కోసం ఎపిసోడ్ మొత్తం ఇక్కడ టెక్స్ట్‌గా పెడుతున్నాం. మాట్లాడింది మాట్లాడినట్టే ఉంటది. మధ్యలో మా పక్కింటి కోడి కూసింది, అది మాత్రం తీసేశాం.

ఈసారి టాపిక్ సారంగదరియా. "ఇంత పాత పాట ఇప్పుడెందుకన్నా" అని అడక్కండి. పాట ట్రెండింగ్‌లో ఉన్నప్పుడు మాట్లాడితే అందరూ అరుస్తారు, ఎవరూ వినరు. ఇప్పుడైతే తీరిగ్గా మాట్లాడుకోవచ్చు.

ముందు బేసిక్స్. సినిమా పేరు లవ్ స్టోరీ, డైరెక్టర్ శేఖర్ కమ్ముల. నాగచైతన్య, సాయిపల్లవి చేశారు. మ్యూజిక్ పవన్ సీహెచ్, ఏఆర్ రెహమాన్ దగ్గర పనిచేసి వచ్చినాయన. లిరిక్స్ సుద్దాల అశోక్ తేజ, పాడింది మంగ్లీ, డాన్స్ శేఖర్ మాస్టర్. 2021 ఫిబ్రవరి 28న లిరికల్ వీడియో వదిలారు. సినిమా ఏప్రిల్‌లో రావాల్సింది, కరోనా సెకండ్ వేవ్ దెబ్బకి సెప్టెంబర్ 24 దాకా ఆగింది. అంటే సినిమా కంటే దాదాపు ఏడు నెలల ముందు పాట జనంలోకి వచ్చేసింది. థియేటర్లు మూసి, మనమంతా ఇంట్లో ఫోన్ పట్టుకుని కూర్చున్న టైంలో ఈ పాట ఒక్కటే తిరిగింది. 32 రోజుల్లో 10 కోట్ల వ్యూస్ దాటిందని పోస్టర్లు కూడా వేశారు.

ఈ టీమ్‌లో సగంమంది 2017లో ఫిదా సినిమాలో "వచ్చిండే" పాటకి కలిసి చేసినోళ్లే. అదే డైరెక్టర్, అదే సుద్దాల, అదే సాయిపల్లవి, అదే శేఖర్ మాస్టర్. అందుకే సారంగదరియా వచ్చినప్పుడు చాలామంది "వచ్చిండే పార్ట్ టూ" అన్నారు. నేను ఒప్పుకోను. వచ్చిండే సినిమా కోసం పల్లె స్టైల్లో రాసిన పాట. సారంగదరియా అట్లా కాదు. ఆ పాట అంతకుముందే ఉంది. ఎవరు కట్టారో తెలియదు, ఎప్పుడు కట్టారో తెలియదు. తెలంగాణ పల్లెల్లో ఆడోళ్ల నోట నలిగి నలిగి వచ్చిన పాట. అసలు గొడవంతా ఇక్కడే మొదలైంది.

మాటీవీలో రేలా రే రేలా అని ఒక షో వచ్చేది, గుర్తుందా? జానపద పాటలకి అదొక పెద్ద స్టేజ్. ఊళ్లల్లో పాడుకునే పిల్లలు వచ్చి టీవీలో పాడేవాళ్లు. సుద్దాల అశోక్ తేజ అందులో జడ్జి. ఆ స్టేజ్ మీద సారంగదరియా పాడినోళ్లలో ఇద్దరి పేర్లు మనకి కావాలి. ఒకరు శిరీష, ఇంకొకరు వరంగల్ వైపు నుంచి వచ్చిన కోమలి. సినిమా పాట రిలీజ్ కాగానే కోమలి మీడియా ముందుకొచ్చింది. ఈ పాటని నేను వెలుగులోకి తెచ్చాను, సినిమాలో పాడే ఛాన్స్ నాకు రాలేదు, నా పేరూ లేదు అని ఆమె బాధ.

అటువైపు నుంచి సమాధానాలు వచ్చాయి. శేఖర్ కమ్ముల ఫేస్‌బుక్‌లో పెద్ద పోస్ట్ పెట్టారు. చాలా ఏళ్ల కిందట ఆ షోలో శిరీష పాడుతుంటే విన్నానని, అప్పటినుంచి మనసులో ఉండిపోయిందని, ఈ సినిమాకి సందర్భం కుదిరి సుద్దాలతో రాయించానని చెప్పారు. రికార్డింగ్ టైంకి కోమలి రావడం కుదరలేదు, అందుకే మంగ్లీతో పాడించామని వాళ్ల వెర్షన్. క్రెడిట్ ఇస్తాం, డబ్బు కూడా ఇస్తాం అని బహిరంగంగానే అన్నారు. సుద్దాల మాటేమో ఇది జానపదం, ఒక్కరి సొత్తు కాదు, పల్లవి తీసుకుని చరణాలు నేను రాశాను అని. చివరికి మాట్లాడుకుని సర్దుకున్నారు.

ఇక్కడ మన సోషల్ మీడియా చేసిన పని చూడండి. రెండు టీములుగా విడిపోయారు. ఒక టీమ్‌కి సుద్దాల దొంగ, ఇంకో టీమ్‌కి కోమలి పబ్లిసిటీ కోసం చేస్తోంది. రెండూ చెత్త మాటలే. సుద్దాల ఎవరు? అప్పటి ఉమ్మడి నల్గొండ జిల్లా సుద్దాల ఊరు. నాన్న సుద్దాల హనుమంతు, తెలంగాణ సాయుధ పోరాటంలో పాటనే ఆయుధంగా పట్టుకున్న మనిషి. ఠాగూర్ సినిమాలో "నేను సైతం" పాటకి నేషనల్ అవార్డు వచ్చింది ఈయనకి. 2020లో లివర్ మార్పిడి ఆపరేషన్ అయ్యి బయటపడి, మళ్లీ పెన్ను పట్టుకున్నాడు. జానపదం ఆయనకి కొత్తగా దొరికిన సరుకు కాదు, ఇంట్లో పుట్టి పెరిగిన భాష. అట్లని కోమలి బాధ అబద్ధమా? కాదు. ఒక పాటని పట్టుకొచ్చి టీవీలో నిలబెట్టిన అమ్మాయికి, అదే పాట కోట్ల వ్యూస్ కొడుతుంటే ఎట్లా ఉంటది? ఆమె స్థానంలో మీరుంటే నిద్రపడతదా?

సరే, చట్టం ఏమంటదో చూద్దాం. నేను లాయర్‌ని కాదు, బీటెక్ చదివి కోడ్ రాసుకున్నోడిని, కాబట్టి చట్టం పుస్తకంలో ఉన్నంతవరకే చెప్తా. మన దేశంలో కాపీరైట్ చట్టం 1957 నాటిది. పాటకి రచయిత ఉంటే, ఆయన చనిపోయాక ఇంకో 60 ఏళ్లు హక్కు నడుస్తది. రచయితే తెలియని, తరాల నుంచి వస్తున్న జానపదానికి ఆ లెక్క పనిచెయ్యదు. అది అందరిదీ. జానపదాన్ని కాపాడటానికి మనకి విడిగా చట్టం లేదు. కానీ ఆ పాత పల్లవికి కొత్త చరణాలు రాస్తే ఆ కొత్త భాగానికి రాసినాయనకి కాపీరైట్ వస్తది. ట్యూన్‌ని కొత్తగా అరేంజ్ చేస్తే ఆ పనికీ వస్తది. సౌండ్ రికార్డింగ్ హక్కు ప్రొడ్యూసర్‌కి, అక్కణ్ణుంచి ఆడియో కంపెనీకి పోతది. మరి పాడినోళ్లకి? సెక్షన్ 38 అని ఉంది, పెర్ఫార్మర్ హక్కు. మీరు పాడిన ఆ పాడటం మీద 50 ఏళ్లు మీకు హక్కుంటది. గమనించండి, పాడటం మీద, పాట మీద కాదు. రేలా రే రేలాలో పాడిన రికార్డింగ్‌ని తీసి సినిమాలో కలిపి ఉంటే అది వేరే కేసు. ఆ పాటని వేరే గొంతుతో మళ్లీ పాడిస్తే చట్టం ప్రకారం అడగడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు.

అంటే చూడండి, రాసినోళ్లకి హక్కుంది, రికార్డ్ చేసినోళ్లకి హక్కుంది, పాడినోళ్లకి కొంచెం ఉంది. వెతికి పట్టుకొచ్చినోళ్లకి సున్నా. ముసలోళ్ల పక్కన కూర్చుని, నాలుగు ఊళ్లు తిరిగి, పోతున్న పాటని పట్టుకున్న మనిషికి చట్టంలో ఒక పేరు కూడా లేదు.

నా పాత ఫీల్డ్ నుంచి ఒక పోలిక చెప్తా, సాఫ్ట్‌వేర్ వాళ్లకి వెంటనే వెలుగుతది. ఓపెన్ సోర్స్ కోడ్ ఉంటది కదా. ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. ఎంఐటీ లైసెన్స్ అయితే దాదాపు ఒక్కటే షరతు. మొదట రాసినోళ్ల కాపీరైట్ నోటీసు తియ్యకూడదు. అంతే. ప్రపంచంలో ఇన్ని కంపెనీలు కోట్లు సంపాదిస్తున్నాయి, ఆ చిన్న నోటీసు ఉంచడానికి ఎవరికీ చెయ్యి నొప్పి పుట్టలేదు. జానపదం కూడా ఓపెన్ సోర్సే, కాకపోతే గిట్ హిస్టరీ లేదు. ఎవరు ఏ లైన్ ఎప్పుడు కలిపారో చూడటానికి వీల్లేదు. మనకి కనిపించేది చివరి రెండు మూడు కమిట్లు మాత్రమే. శిరీష, కోమలి, సుద్దాల. కనిపించే ఆ మూడింటినైనా ఉంచుకోవాలా వద్దా అన్నదే 2021 మార్చిలో జరిగిన గొడవ.

ఇది మన దగ్గరే జరిగిందనుకుంటే పొరపాటు. ఫోక్ రాక్ అనే మాట విన్నారుగా? పల్లె పాటకి ఎలక్ట్రిక్ గిటార్, డ్రమ్స్ కట్టి కొడితే వచ్చే సౌండ్. ఆ మాట 1965లో అమెరికాలో ది బర్డ్స్ అనే బ్యాండ్ టైంలో బాగా తిరిగింది. కానీ దానికి ఒక ఏడాది ముందే ఇంగ్లండ్‌లో ఒక పాట ఆ దారి తెరిచింది. ది హౌస్ ఆఫ్ ది రైజింగ్ సన్. పాడింది ది యానిమల్స్. 1964 మే 18న లండన్‌లో ఒక్క టేక్‌లో రికార్డ్ చేసేశారు. నాలుగు నిమిషాల పైన ఉంది. రేడియోలో మూడు నిమిషాలు దాటితే ఎవరూ వెయ్యని రోజులవి. అయినా అటు ఇంగ్లండ్‌లో, ఇటు అమెరికాలో నంబర్ వన్ అయింది.

ఇప్పుడు ఆ పాట పుట్టుక వినండి, మీకు సారంగదరియా గుర్తు రాకపోతే అడగండి. 1937లో అలన్ లోమాక్స్ అనే ఆయన రికార్డింగ్ మెషిన్ కార్లో వేసుకుని పల్లె పాటలు పోగు చేస్తూ తిరుగుతున్నాడు. కెంటకీ రాష్ట్రంలో మిడిల్స్‌బరో అనే ఊళ్లో జార్జియా టర్నర్ అనే 16 ఏళ్ల అమ్మాయి ఈ పాట పాడింది. గని కార్మికుల ఇంటి పిల్ల. ఆమె కంటే ముందు కూడా ఈ పాటని రికార్డ్ చేసినోళ్లు ఉన్నారు, కాబట్టి ఆమె కట్టిన పాట కాదు. లోమాక్స్ 1941లో పుస్తకం వేసినప్పుడు ఆమె పేరు వేశాడు. అక్కణ్ణుంచి పాట న్యూయార్క్ చేరింది. డేవ్ వాన్ రాంక్ అనే సింగర్ తన పద్ధతిలో తీగలు మార్చుకుని పాడుకునేవాడు. ఆ అరేంజ్‌మెంట్‌ని కుర్రాడు బాబ్ డిలన్ తీసుకుని 1962లో తన మొదటి ఆల్బమ్‌లో పెట్టేశాడు. తర్వాత వాన్ రాంక్ పాడితే "డిలన్ పాట పాడుతున్నాడు" అన్నారంట, పాపం ఆయన మానుకున్నాడు. ఆ తర్వాత యానిమల్స్ హిట్ కొట్టారు. డిలన్ పాడితే "యానిమల్స్ పాట" అన్నారంట, ఆయనా మానుకున్నాడు. వాన్ రాంక్ ఈ సంగతి నవ్వుతూ చెప్పేవాడు.

నవ్వు అక్కడితో అయిపోయింది. యానిమల్స్ రికార్డు మీద క్రెడిట్ ఎట్లా వేశారో తెలుసా? "సంప్రదాయ గీతం, అరేంజ్‌మెంట్ అలన్ ప్రైస్". బ్యాండ్‌లో ఐదుగురు. ప్రైస్ కీబోర్డ్ వాయించేవాడు. లేబుల్ మీద ఐదు పేర్లు పట్టవని ఒక్క పేరు వేశారని మిగతావాళ్లు చెప్తారు. ఆ ఒక్క పేరుకి రాయల్టీ మొత్తం వెళ్లింది, మరుసటి ఏడాదే ప్రైస్ బ్యాండ్ వదిలేశాడు. గిటార్‌తో ఆ పాటకి ముఖం ఇచ్చిన హిల్టన్ వాలెంటైన్‌కి ఆ లెక్కలో వాటా లేదు. ఇక కెంటకీ అమ్మాయి జార్జియా టర్నర్ 1969లో చనిపోయింది, పేదరాలిగానే. లేబుల్ మీద ఖాళీ లేదంట! డిజైన్ వల్ల డబ్బు పోవడం అంటే ఇదే.

మళ్లీ మన పాటకి వద్దాం. గొడవ సంగతి సరే, పాట ఎట్లా ఉంది? జనం ఏమన్నారు, విన్నోళ్లు ఏమన్నారు?

పొగిడినోళ్లు మూడు చోట్ల ఆగారు. సాయిపల్లవి డాన్స్. దాని గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు, మీరే వంద రీల్స్ చేశారు. రెండోది మంగ్లీ గొంతు. ఇక్కడ ఒక సరదా విషయం. మంగ్లీ పుట్టింది తెలంగాణలో కాదు, అనంతపురం జిల్లా గుత్తి దగ్గర తండా. తిరుపతిలో సంగీతం చదువుకుంది, టీవీలో తెలంగాణ యాసతో పేరు తెచ్చుకుంది. బంజారా ఇంటి పిల్ల, సీమలో పెరిగి, తెలంగాణ పాట పాడితే మన నెల్లూరు పెళ్లి ఊరేగింపులో కుర్రాళ్లు ఎగిరారు. పాటకి ఆధార్ కార్డు అడిగేవాళ్లు ఇది ఒకసారి ఆలోచించాలి. మూడోది ఆ పేరు. సారంగదరియా అంటే ఏంది అని రాష్ట్రమంతా వెతికింది. సారంగి వాయించే ఆమె అని కొందరు, ఇంకేదో అని కొందరు. అర్థం పూర్తిగా తెలియకుండానే నోటికి ఎక్కింది. జానపదంలో అదొక బలం, మాట మోగితే చాలు, అర్థం తర్వాత నడిచొస్తది.

తిట్టినోళ్లు ఏమన్నారు? పాత పాటలో ఉన్న నెమ్మది పోయింది, సినిమా బీట్ కింద పాట నలిగిపోయింది అన్నారు. అందులో నిజముంది. ఆ షోలో పాడిన క్లిప్పులు ఇప్పటికీ దొరుకుతాయి, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. అక్కడ పాట ఒక అమ్మాయి గురించి పక్కనున్నోళ్లకి చెప్తున్నట్టు ఉంటది. ఆమె సింగారం ఒక్కొక్కటే చూపించుకుంటూ పోతది. సినిమాలో అదే పాట స్టేజ్ ఎక్కి అరిచి చెప్తున్నట్టు ఉంటది. ఊపిరి తీసుకునే చోట్లన్నీ బీట్ నింపేసింది. ప్రోగ్రామింగ్ బీట్ అంటే అంతే, సెకనుకి సెకను గ్రిడ్ మీద కూర్చుంటది. మనిషి పాడేటప్పుడు మాట బరువుని బట్టి కాస్త లాగుతాడు, కాస్త తోస్తాడు. ఆ లాగుడు పోయింది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో రెండు క్లిప్పులూ పక్కపక్కన పెట్టి చూశాను, కళ్లకే కనిపిస్తది తేడా.

కానీ నా తీర్పు ఇది. సుద్దాల చరణాలు బాగున్నాయి. నగలు లేకపోయినా ఆ అమ్మాయి దగ్గర వాటి మెరుపు, మోత ఉన్నాయి అనే ఊహని పట్టుకుని చివరిదాకా వదల్లేదు. దాన్ని పాత పల్లవి పక్కన పెడితే అతుకు కనపడదు. అతుకు కనపడకపోవడం ఆయన గొప్ప. కష్టం కూడా అందులోనే వచ్చింది. అతుకు కనపడకపోతే ఏది పాతదో ఏది కొత్తదో విన్నోళ్లకి ఎట్లా తెలుస్తది? స్క్రీన్ మీద పేరు వేస్తే తప్ప తెలియదు.

పేరు వేస్తే సరిపోతదా అంటే, అదీ లేదు. అదే 2021 సెప్టెంబర్‌లో భీమ్లా నాయక్ టైటిల్ సాంగ్ వచ్చింది. మొదట్లో వినిపించే గొంతు దర్శనం మొగులయ్యది, కిన్నెర వాయించే కళాకారుడు. పేరు వేశారు, మనిషిని చూపించారు, 2022లో పద్మశ్రీ వచ్చింది. ఇంతకంటే క్రెడిట్ ఏముంటది? 2024లో అదే మొగులయ్య హైదరాబాద్ శివార్లలో కూలి పనికి పోతున్నాడని వార్త, వీడియోతో సహా. పద్మశ్రీ తీసుకున్న చేతిలో గమేళా. ఆ వీడియో చూసి నాకు మాట రాలేదు. కాబట్టి "క్రెడిట్ ఇచ్చాం కదా" అని ఎవరన్నా చేతులు దులుపుకుంటే నేను ఒప్పుకోను. పేరు ఒక మెట్టు, డబ్బు ఇంకో మెట్టు. 2012లో చట్టం మార్చి, పాట రాసినోళ్ల, ట్యూన్ కట్టినోళ్ల రాయల్టీ ఎవరూ గుంజుకోకుండా చేశారు. పాటని కాపాడినోళ్లకి కూడా అలాంటిదేదో ఒకటి రాసుకోవచ్చు కదా. కనీసం సినిమా అగ్రిమెంట్లలో ఒక పేరా. సేకరించినవారికి ఇంత శాతం అని. దానికి పార్లమెంట్ కూడా అక్కర్లేదు.

ఇప్పుడు మన ఊరి సంగతి. మా మండలంలో నాట్ల పాటలు ఉండేవి. కయ్యలో వరసగా వంగి నారు నాటుతూ ఒకామె అందుకుంటే మిగతావాళ్లు వంత పాడేవాళ్లు. ఇప్పుడు సముద్రం వైపు చాలా కయ్యలు రొయ్యల గుంటలు అయిపోయాయి. గుంట కాడ ఏరేటర్ తిరిగే శబ్దమే పాట. పోయిన నెల వరిగొండ వైపు ఒక పెద్దామె దగ్గరికి వెళ్లాను. అవ్వా, ఒక పాట పాడవా, ఫోన్‌లో పట్టుకుంటా అంటే, ముందు సిగ్గుపడింది. "ఇప్పుడేం పాటలు అబ్బయ్యా, గొంతు పోయింది" అనింది. తర్వాత పాడింది, ఆపకుండా పదకొండు నిమిషాలు. అయిపోయాక, నీ పేరు వేస్తా అవ్వా, వెయ్యచ్చా అని అడిగా. వద్దనింది. "నాదెట్లా అయితది, మా అత్త పాడేది, నేను ఎనక నిలబడి నేర్చుకున్నా. వేస్తే ఆమె పేరు వెయ్యి" అనింది. ఆ అత్త పోయి 30 ఏళ్లయింది. మీ అత్త ఎవరి దగ్గర నేర్చుకుందో తెలుసా అంటే, "దానికేం తెలుసు, కయ్యలో నేర్చుకునుంటది" అని నవ్వింది.

ఆ రికార్డింగ్ ఇంకా అప్‌లోడ్ చెయ్యలేదు. రెండు కారణాలు. ఆమె కొడుకు ఊళ్లో లేడు, వచ్చాక ఇంట్లో అందరి ముందు ఇంకోసారి అడగాలి. ఫోన్‌లో పాడటం వేరే, లక్షమంది వినడం వేరే, ఆ తేడా ఆమెకి చూపించి అడగాలి కదా. రెండోది, దాని కింద ఏం రాయాలో ఒక ఫార్మాట్ తయారు చేసుకుంటున్నా. పాడినవారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఏ ఊరు, ఏ పని చేస్తూ పాడేది, రికార్డ్ చేసిన తేదీ, ఎవరైనా వాడుకోవాలంటే ఎవరిని అడగాలి. ఆరు లైన్లు. మోనటైజేషన్ ఆన్ చేస్తే వచ్చేదాంట్లో సగం వాళ్ల ఇంటికి, అది కూడా కింద రాసే పెడతా. ఎంత వస్తదో నాకు తెలుసు, టీ డబ్బులు రావచ్చు. అయినా రాసి పెడతా.

మీ ఇంట్లో ఎవరన్నా పాడేవాళ్లుంటే, ఫోన్ అడ్డంగా పట్టుకోండి, ఫ్యాన్ ఆపండి, మైక్ మీద వేలు పెట్టకండి. పాట అయిపోగానే రికార్డింగ్ ఆపొద్దు. "ఇది ఎక్కడ నేర్చుకున్నావ్" అని అదే రికార్డింగ్‌లో అడగండి, ఆ జవాబు పాటతోపాటు ఉండిపోతది. ఫైల్‌కి "కొత్త రికార్డింగ్ 27" అని వదిలెయ్యకుండా పేరు పెట్టండి, ఊరి పేరు, మనిషి పేరు, తేదీ.

వచ్చే ఎపిసోడ్ పలాస 1978 సినిమాలో నక్కిలీసు గొలుసు. ఉత్తరాంధ్ర పాట, రఘు కుంచె మ్యూజిక్. సినిమా వచ్చి పోయాక రీల్స్‌లో ఎట్లా మళ్లీ లేచిందో చూద్దాం. శ్రీకాకుళం వైపు వాళ్లు ఎవరైనా ఆ పాటని సినిమాకి ముందు ఇంట్లో విని ఉంటే వాయిస్ మెసేజ్ పంపండి, మీ పేరు చెప్పమంటేనే చెప్తా. ఉంటా మరి.